బంగారి పచ్చసొన

సోమవారం

కోళ్లు పన్నెండు. గుడ్లు తొమ్మిది. గయ్యాళి ఇవాళ కూడా పెట్టలేదు, పైగా కప్పు కింద వేలాడే దీపం పట్టీ మీదికెక్కి కూర్చుంది. ఈ గ్రహం మీద బరువు తక్కువ కదా, ప్రతి కోడీ తనొక గద్దననుకుంటుంది. నిచ్చెన వేసి దింపాను. దించుతుంటే నా చెయ్యి పొడిచింది. పేరు ఊరికే పెట్టలేదు.

ఈ లాగ్‌బుక్కులో కోళ్ల సంగతులు మాత్రమే రాయాలని జోగినాథం గారి ఆర్డరు. ఆయన మా ల్యాబ్ పెద్ద. "నూకరత్నం గారూ, పోయిన నెల లాగ్‌బుక్కులో మీ ఆయన గురక గురించి అర పేజీ ఉందండీ" అన్నారు. ఉంటుంది మరి. ఆ గురకకి నాకు నిద్రుండదు. నిద్ర లేని చేత్తో కోడికి సూది ఎలా వేస్తాను? అన్నీ కోళ్ల సంగతులే.

సరే, కోళ్ల సంగతే రాస్తాను. వకుళ కోడి పాసయింది.

ఊరంతా తలదాచుకున్న మా గుడారంలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరి కోడి యాంటీబాడీ పరీక్షలో నెగ్గితే, వాళ్ల పేరూ కోడి పేరూ కలిపి పొద్దున్నే మైకులో చదువుతారు. ఇవాళ గాలి ఎంత ఉంది, నీళ్లు ఎంత ఇస్తారు అన్న కబుర్ల కంటే ముందు చదువుతారు. ఇవాళ "వకుళ గారి బంగారి" అని చదివారు. పక్క గదివాళ్లు చప్పట్లు కొట్టారు. మా ఆయన కూడా కొట్టాడు. నా మొగుడే, నా గదిలో నిలబడి, నా ముందు.

ఒకప్పుడు "నూకరత్నం గారి గయ్యాళి" అని చదివారు ఇదే మైకులో. అప్పటికి ఈ వకుళ జడలు వేసుకుని స్కూలుకి పోతోంది. పోయినేడు నా దగ్గర పనికి చేరినప్పుడు కోడిని పట్టుకోవడం కూడా రాదు దీనికి. రెక్కలు రెండూ చంకలో నొక్కి పట్టాలమ్మా అని నేర్పింది నేను. నేర్పినందుకు నాకు బాగా బుద్ధొచ్చింది.

కుళ్లా? అవును, కుళ్లే. లాగ్‌బుక్కులో అబద్ధాలు రాయకూడదు.

మంగళవారం

గుడ్లు పది. ఒకటి పగిలింది. నా చేతిలోనే పగిలింది.

పొద్దున్నంతా సొనలు విడదీశాను. పచ్చసొన ల్యాబుకి, తెల్లసొన క్యాంటీనుకి. యాంటీబాడీ ఉండేది పచ్చసొనలోనే, కాబట్టి చుక్క కూడా బయటికి పోనివ్వం. ఈ గుడారంలో జనం పచ్చటి ఆమ్లెట్టు తిని ఎన్నేళ్లయిందో! పిల్లలైతే ఆమ్లెట్టంటే తెల్లగా సున్నం కొట్టినట్టు ఉంటుందనే అనుకుంటారు. ఆ తెల్ల అట్లు వేసేది మా ఆయన పోలినాయుడే. క్యాంటీన్లో వంట ఆయనది.

వంట అంటే ఆయనకి అసహ్యం. మంచు సొరంగంలో పని చెయ్యాలని ఆయన కోరిక. మా మావగారు సొరంగం మనిషి, ఆయన తండ్రీ అంతే. సొరంగం వాళ్లు మంచు తవ్వి తెస్తేనే మాకు నీళ్లు, అందుకే వాళ్లకి క్యాంటీన్లో ముందు పీట. వాళ్లు తిన్నాకే మిగతా జనం. రోజూ వాళ్లకి వేడి అట్టు వడ్డిస్తూ ఆయన ముఖం చూడాలి మీరు. ఇంక నా వరకూ వచ్చేసరికి అడుగంటిన ముక్క మిగులుతుంది. అయినవాళ్లకి ఆకుల్లో, కానివాళ్లకి కంచాల్లో.

సొరంగంలోకి ఎవరు పడితే వాళ్లు పోకూడదు. అక్కడ గాలి పల్చన. ఊపిరితిత్తుల కణాల మీద గడప అనే ప్రొటీన్ నిలబడి ఉంటేనే ఆ గాలి సరిపోతుంది. చిన్నప్పుడే అందరికీ సూది వేస్తారు, దాంతో కణం గడపని తయారుచెయ్యడం మొదలెడుతుంది. తయారైన గడప కణం గోడదాకా వచ్చి, గోడలో దిగబడి నిలబడాలి. తల బయటికి, తోక లోపలికి. అలా నిలబడినవాళ్లు రోజంతా పలుగు వేస్తారు. లేనివాళ్లు కాసేపటికి కళ్లు తిరిగి పడతారు. అంత లోతు నుంచి మోసుకొచ్చేసరికి ప్రాణం మిగలదు.

మరి గడప ఉందో లేదో తెలిసేదెలా? అందుకే ఈ కోళ్లు. గడప ముక్కొకటి గయ్యాళికి గుచ్చాను. దాని ఒళ్లు ఎవడ్రా వీడని మండిపడి యాంటీబాడీలు పుట్టించి, పుట్టబోయే పిల్లకి కాపలాగా పచ్చసొనలో పెట్టింది. నేను వాటిని వడకట్టి తీసి, మెరిసే రంగు తగిలిస్తాను. మనిషి గొంతులోంచి తీసిన కణాల మీద పోస్తే, గడప ఎక్కడుంటే అక్కడ అతుక్కుని పచ్చగా వెలుగుతుంది.

ఈ మూడేళ్లలో మా ఆయన కణాల మీద ఎన్నిసార్లు పోసినా చీకటే. సొంత పెళ్లాం కోడే ఫెయిల్ చేసిందని క్యాంటీనంతా నవ్వింది.

ఇవాళ బంగారి యాంటీబాడీ పోశారు. వెలిగాడట, మామూలుగా కాదు, దీపావళి మతాబులా వెలిగాడట. పదో సొరంగానికి పోయే జట్టులో పేరు రాశారు. ఆదివారం పొద్దున్న బయల్దేరతారు.

"చూశావటే రత్నం! నీ గయ్యాళి నన్ను ఇన్నాళ్లూ చీకట్లో కూచోబెట్టింది. వకుళమ్మ కోడి ఒక్క గుడ్డుతో వెలిగించేసింది" అని గరిటె ఊపుతూ వచ్చాడు.

పొరుగింటి పుల్లకూర రుచి అని పెద్దలు ఊరికే అన్నారా?

బుధవారం

గుడ్లు ఎనిమిది. లెక్క సరిగ్గా చూశానో లేదో, నాకు ఒళ్లు మండుతోంది.

వకుళ మా గదికొచ్చింది. చేతిలో గిన్నె, గిన్నెలో బెల్లం ఉండలు. ఈ గుడారంలో బెల్లం ఎక్కడ దొరికిందో! "అక్కా, మీ చేతి చలవే" అని నా కాళ్లకి దణ్ణం పెట్టింది. ఆ తర్వాత మా ఆయన వైపు తిరిగి, "బావగారూ, సొరంగం నుంచి నాకేం తెస్తారు?" అంది.

బావగారట! నేను దీనికి ఎప్పుడు అక్కనయ్యాను, ఆయన ఎప్పుడు బావయ్యాడు?

"నీకేం కావాలో చెప్పు మరదలా, మంచుగడ్డ మీద నీ పేరు చెక్కించుకొస్తా" అన్నాడు ఈ మహానుభావుడు. పెళ్లయిన కొత్తలో నాకు కనీసం మంచుముక్క తెచ్చిన పాపాన పోలేదు.

ఆ పిల్లలో వంకర లేదు, అదే నా బాధ. పొగరుంటే తిట్టుకోవచ్చు. అడక్కపోయినా అన్నీ చెప్తుంది. "గడప తల ముక్క తయారుచేద్దామని చాలాసార్లు చూశానక్కా. నా చేతిలో వంకరపోతోంది. మీకెలా కుదిరిందో! అందుకే నేను తోక ముక్క చేసి బంగారికి గుచ్చాను. తోక ఎన్నిసార్లు చేసినా చక్కగా వస్తుంది."

కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టుంది అనుకున్నాను. పైకి అనలేదు. అన్నా అది సామెతే కదా, సాక్ష్యం కాదు.

మధ్యాహ్నం ల్యాబులో అందరూ బంగారి స్లైడు చూడ్డానికి మైక్రోస్కోపు దగ్గర వరస కట్టారు. నేనూ కట్టాను, చూడకపోతే ఏడుస్తోందంటారని. చూశాక ఇంకా ఏడుపొచ్చింది. ఎంత బావుందో! కణం కణం నిండుగా, నుదుటి బొట్టులా వెలిగిపోతోంది. నా గయ్యాళి ఎంత బాగా పనిచేసినప్పుడు కూడా సన్నటి గాజులా, అంచు చుట్టూ ఒక గీతలా వెలిగేది. మూడేళ్ల నుంచి అదీ మాసిపోయి, ఉందా లేదా అని కళ్లు చికిలించి చూడాల్సొస్తోంది. జోగినాథం గారు వకుళ భుజం తట్టి, "ఇదమ్మా యాంటీబాడీ అంటే" అన్నారు. ఆ మాటన్నాక ఒకసారి నా వైపు చూశారు. చూడక్కర్లేదు.

బెల్లం ఉండ తిన్నాను. తియ్యగానే ఉంది, ఏం చేస్తాం.

గురువారం

గుడ్లు పది. సొనలు విడదీస్తుంటే ఒక పని జరిగింది.

పచ్చసొనలన్నీ సీసాలోకి పోసేశాను. తెల్లసొనల గిన్నె బల్ల మీదుంది. పక్కనే స్పిరిట్ సీసా. నిన్నటి బెల్లం ఉండల సంగతి తలుచుకుంటూ మోచెయ్యి విసిరానేమో, సీసా కాస్తా గిన్నెలోకి ఒరిగింది. క్యాంటీన్ సరుకు పాడయిందిరా భగవంతుడా అని గిన్నె ఎత్తి చూస్తే, తెల్లసొన పొయ్యి ఎక్కకుండానే ఉడికిపోయినట్టు పెళ్లలు పెళ్లలుగా కట్టేసింది.

ఇది తెలియని సంగతి కాదు. స్పిరిట్ తగిలితే ప్రొటీన్ ఆకారం చెడుతుందని చదువుకున్నాం, పరీక్షలో రాశాం. కానీ గిన్నెలో ఆ పెళ్లలు చూస్తూ సీసా ఎత్తడం కూడా మర్చిపోయాను.

ఎందుకంటే, మా ల్యాబుకొచ్చే ప్రతి కణానికీ స్పిరిట్ స్నానం అవుతుంది. మూడేళ్ల కిందట సొరంగం నుంచి ఒక జ్వరం లోపలికొచ్చి చాలామందిని పట్టుకుపోయింది. అప్పట్నుంచి రూలు: గొంతులోంచి తీసిన ఏ నమూనా అయినా ల్యాబ్ తలుపు దగ్గరే స్పిరిట్లో ముంచాలి. ముంచేది తలుపు దగ్గరి మనిషి. మా చేతికి వచ్చేసరికి అది ఉత్త నమూనా, అంతే. గుమ్మంలో చెప్పులు విప్పినట్టు, ఆ ముంచడం ఎవరికీ పట్టదు. నేనూ మూడేళ్లుగా పట్టించుకోలేదు.

స్పిరిట్లో మునిగిన కణం బతికుండదు. దాని గోడకి చిల్లులు పడతాయి. బయటున్న గడప తల ఈ తెల్లసొనలాగే ఆకారం చెడుతుంది, కాబట్టి తలని పట్టుకునే నా గయ్యాళి మాసిపోయింది. గోడకి చిల్లులు పడ్డాయి కాబట్టి తోకని పట్టుకునే బంగారి ఆ చిల్లుల్లోంచి లోపలికి దూరి, లోపల ఎక్కడ ఏ గడప ఉన్నా పట్టుకుంటోంది.

నిన్న నేను అసూయపడిన ఆ నిండు బొట్టు! గడప ఉండాల్సింది గోడలో. గోడలో ఉంటే అంచున గాజులా కనపడాలి గానీ కణమంతా బొట్టులా ఎందుకు వెలుగుతుంది? కొందరి ఒంట్లో గడప తయారవుతుంది గానీ గోడదాకా రాదు. వంటింట్లోనే తిరుగుతూ ఉండిపోతుంది. వాళ్లకి అది ఉన్నా లేనట్టే. బంగారి వాళ్లని కూడా వెలిగిస్తుంది.

మా ఆయన అలాంటివాడైతే?

చేతులు కడుక్కోకుండానే జోగినాథం గారి దగ్గరికి పరిగెత్తాను. అంతా విన్నారు. విని కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "నూకరత్నం గారూ, మీ కోడి మాసిపోయిన మూడేళ్లలో మీకీ స్పిరిట్ గుర్తుకురాలేదు. వకుళ కోడి వెలిగిన మూడో రోజున గుర్తొచ్చింది. ఆడలేక మద్దెల ఓడు అంటే మీకు కోపమొస్తుందేమో" అన్నారు.

"స్పిరిట్లో ముంచని నమూనా ఒక్కటి చూడనివ్వండి సార్."

"రూలుకి విరుద్ధం. ఒక్క జ్వరం మనిద్దరం చూశాం, చాలదా?"

కోపం రాలేదు. ఆయన నా గురించి అన్నదాంట్లో తప్పులేదు. వకుళ తప్పు ఒకటి దొరకాలని సోమవారం నుంచీ దేవుణ్ణి అడుగుతున్నాను. దొరికింది, మొగుడి ప్రాణంతో కలిపి దొరికింది.

శుక్రవారం

గుడ్లు ఏడు. గయ్యాళి వారం రోజులుగా పెట్టలేదు. దానికీ మనసు బాలేదేమో.

పొద్దున్నే మా ఆయన గొంతు సవరించుకుంటుంటే నోటి దగ్గర గిన్నె పెట్టాను.

"ఏంటిది?"

"ఒక్కసారి గట్టిగా దగ్గవయ్యా. స్పిరిట్లో ముంచకుండా చూస్తాను."

విషయం అంతా చెప్పాను. తెల్లసొన, పెళ్లలు, గాజు, బొట్టు. ఆయన సంచిలో మేజోళ్లు సర్దుకుంటూ విన్నాడు. అయిపోయాక గిన్నె తీసి బల్ల మీద పెట్టాడు.

"నేను దగ్గను."

"ప్రాణం మీదికి వస్తుందయ్యా!"

"రత్నం, ఒక్క మాట చెప్పు. ఆ కోడి వకుళది కాకుండా నీదే అయితే, ఇవాళ ఈ గిన్నె పట్టుకొచ్చేదానివా?"

తెచ్చేదాన్నో కాదో నాకే తెలియదని ఆయనకి తెలుసు, అందుకే అడిగాడు.

"ఊరంతా ఏమంటోందో తెలుసా? మొగుడు సొరంగం మనిషైతే తన అదుపులో ఉండడని రత్నమే చీకటి చేసిందంటున్నారు. నేను నమ్మలేదు. ఎవరన్నా నవ్వితే నవ్వనిమ్మన్నాను. పొయ్యి దగ్గర నిలబడి, మా నాన్న కూచున్న పీట మీద ఇంకొకడు కూచుంటే వాడికి అట్టు వేశాను. ఇప్పుడు దీపం వెలిగింది. దాన్ని కూడా ఊదేస్తావా?"

"నువ్వు చచ్చిపోతావేమోనని భయం!" అని అరిచాను. "అది ఒక్కటే. వకుళ మీద కుళ్లు ఉంది, చచ్చేంత కుళ్లుంది, కాదన్ను. కానీ ఈ భయం వేరే. రెండూ ఒకే కడుపులో ఉంటే నేనేం చెయ్యను?"

ఆయన మేజోళ్ల సంచి మూతి కట్టాడు. కట్టి, క్యాంటీన్‌కి టైమైందని వెళ్లిపోయాడు. పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా దగ్గలేదు. దగ్గొస్తే నీళ్లు తాగి మింగేస్తున్నాడు. మొండి మనిషి.

శనివారం

గుడ్లు చూడలేదు. తర్వాత చూస్తాను.

ఇంక మిగిలింది వకుళ. కోళ్ల షెడ్డు చుట్టూ తిరిగి తిరిగి, ఆఖరికి వెళ్లాను. బంగారికి మేత వేస్తోంది. మంచి కోడి, ఎత్తితే ఒళ్లో ఒదిగి కూచుంటుంది. దాన్ని చూసినా నాకు మంటే.

చెప్పాను. పోట్లాడుతుందని సిద్ధపడే వెళ్లాను. ఏమనాలో, దానికి నేనేమనాలో అన్నీ అనుకుని వెళ్లాను. ఆ పిల్ల పోట్లాడలేదు. మేత గిన్నె కింద పెట్టి, ముఖం పాలిపోయి, "బొట్టులా ఉంది... అంచున లేదు... అయ్యో అక్కా, నేనెందుకు చూడలేదు?" అంది. "అందరూ బావుంది బావుంది అంటుంటే నేనూ బావుందనే చూశాను."

పోట్లాడితే బావుండేది.

తర్వాత జరిగినవన్నీ నా కడుపు మంటకి నెయ్యి పొయ్యడానికే జరిగాయి. నేను కాళ్లావేళ్లా పడినా ఒప్పుకోని జోగినాథం గారు, వకుళ వెళ్లి "సార్, నా యాంటీబాడీ మీద నాకే అనుమానంగా ఉంది" అనగానే, "నీకే అనుమానమైతే చూడాల్సిందేనమ్మా" అన్నారు. మూతిగుడ్డ కట్టుకుని మూసిన గదిలో చెయ్యమని అనుమతిచ్చారు. ఇంక మా ఆయన! నిన్నంతా దగ్గు మింగిన మనిషి. వకుళ క్యాంటీన్‌కి వెళ్లి "బావగారూ, ఒక్కసారి దగ్గుతారా, నాకోసం?" అంది. అక్కడికక్కడే గరిటె పక్కన పెట్టి ఖళ్లుఖళ్లుమని దగ్గాడు. ఒకసారి అడిగితే రెండుసార్లు దగ్గాడు.

పోల్చుకోవడానికి ఖాయంగా గడప ఉన్న మనిషి కావాలి. జోగినాథం గారే దగ్గారు. ల్యాబుకి రాకముందు ఆయన చాలాకాలం సొరంగంలో పనిచేశారు.

నాలుగు స్లైడ్లు. స్పిరిట్ తగలని, ఇంకా బతికున్న కణాలు. ఇద్దరి కణాల మీదా బంగారి, ఇద్దరి కణాల మీదా గయ్యాళి.

మొదట బంగారివి చూశాం. జోగినాథం గారి స్లైడు చీకటి. మా ఆయన స్లైడు చీకటి. సొరంగంలో జీవితం గడిపిన మనిషిది కూడా చీకటి. గోడకి చిల్లు లేకపోతే బంగారికి ఏమీ కనపడదన్నమాట. వకుళ మైక్రోస్కోపు దగ్గర్నుంచి పక్కకి జరిగి గోడకి ఆనుకుంది.

తర్వాత గయ్యాళి. జోగినాథం గారి కణాలు పెట్టాను. గాజులు! పచ్చటి గాజులు, ఒక్కో కణానికి ఒక్కోటి, అంచు చుట్టూ. కొత్తలో వెలిగినట్టే వెలిగింది నా గయ్యాళి. దానికేమీ కాలేదు. మూడేళ్లుగా అందరూ దాన్ని తిడుతుంటే నేనూ మనసులో తిట్టాను.

ఇంక ఒక్క స్లైడు మిగిలింది. ఇన్నాళ్లూ స్పిరిట్ వల్లే గయ్యాళి ఆయన్ని చూడలేకపోయిందేమో. ఆయనకీ గాజులుంటాయేమో. ఉంటే రేపు ఆయన వెళ్లిపోతాడు, మంచుగడ్డ మీద ఆ పిల్ల పేరు చెక్కుకొస్తాడు, నేను జీవితాంతం నవ్వులపాలవుతాను. ఉండాలి దేవుడా, వెలగాలి అని దణ్ణం పెట్టుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, ఎవరు నమ్మినా నమ్మకపోయినా.

చీకటి. ఎంత తిప్పినా, ఎంత వెతికినా, ఒక్క గాజు లేదు.

కళ్లమ్మట నీళ్లు కారుతుంటే ఆ మూతిగుడ్డ తడిసి ముక్కుకి అంటుకుంది. వకుళ వచ్చి స్లైడు చూసింది. చాలాసేపు చూసింది. "అక్కా, రేపు నేనే చెప్తాను" అంది.

"ఎవరికి?"

"మైకులో."

ఆదివారం

కోళ్లు పదకొండు. బంగారిని ల్యాబ్ జాబితాలోంచి తీసేశారు, ఇంక అది క్యాంటీన్ కోడి. గుడ్లు తొమ్మిది, అందులో గయ్యాళిది ఒకటి. పెట్టింది మహాతల్లి.

పొద్దున్న మైకులో నెగ్గినవాళ్ల పేర్లు చదవడమే గానీ ఓడిన పేరు చదవడం నా ఎరికలో లేదు. వకుళే చదివింది. "నేను వకుళని. నా బంగారి యాంటీబాడీ తప్పు చూపించింది. కణం లోపలున్న గడపని బయట ఉన్నట్టు చూపింది. దాన్ని నమ్మి ఎవరూ సొరంగంలోకి వెళ్లొద్దు. ఇది కనిపెట్టింది నూకరత్నం గారు." ఇక నుంచి నమూనాలు స్పిరిట్లో ముంచకుండా మూసిన గదిలో చూస్తారని, జట్టు మొత్తాన్నీ గయ్యాళితో మళ్లీ చూశాకే పంపుతారని జోగినాథం గారు ఆ వెంటనే చెప్పారు.

నా పేరు చదివింది కదా, ఎవరైనా విన్నారా? ఎవరి నోట విన్నా ఒకటే మాట. ఎంత నిజాయితీ, ఎంత గుండె ధైర్యం, ఆ వయసులో తన తప్పు తనే చెప్పుకోవడమంటే మాటలా! నెగ్గినా దానికే చప్పట్లు, ఓడినా దానికే చప్పట్లు. తప్పు పట్టిన గయ్యాళిని గానీ, గయ్యాళిని పెంచినదాన్ని గానీ ఒక్కరు పలకరిస్తే ఒట్టు.

మా ఆయన మైకు కింద సంచి భుజాన వేసుకునే నిలబడి విన్నాడు. గదికొచ్చి సంచిలోంచి మేజోళ్లు తీసి, మడతపెట్టి, అరలో పెట్టాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "బంగారి గుడ్లు ఇంక ల్యాబుకి అక్కర్లేదా?" అని అడిగాడు. అక్కర్లేదన్నాను. "పచ్చసొనతో సహా?" అన్నాడు. సహా అన్నాను. సరేనని వెళ్లిపోయాడు.

నేను షెడ్డుకొచ్చి మేత వేస్తున్నాను. కాసేపటికి ఒక వాసన వచ్చింది. ఎప్పుడో మర్చిపోయిన వాసన. వెనక్కి తిరిగితే ఆయన, చేతిలో కంచం, కంచంలో పచ్చటి ఆమ్లెట్టు. బంతిపువ్వులా ఉంది.

"సొరంగం వాళ్లు తిన్నారా?" అన్నాను.

"వాళ్లు వరసలో ఉన్నారు. ఇది మొదటిది." కంచం నా చేతిలో పెట్టి ఎదురుగా మేత బస్తా మీద కూచున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఏడ్చాడో ఉల్లిపాయలో నేనడగలేదు. "తిను. వకుళమ్మ కోడి గుడ్డు, ఎంత బావుందో చూడు" అన్నాడు.

చూశారా! ఇంత జరిగాక కూడా!

తిన్నాను. పచ్చసొన రుచి నాలిక మీద పడగానే మా అమ్మ గుర్తొచ్చింది, చిన్నప్పటి వంటగది గుర్తొచ్చింది. ఆఖరి ముక్కదాకా తిన్నాను.

"ఎలా ఉంది?"

"ఉప్పెక్కువైంది" అన్నాను.

ఎక్కువవలేదు.

ఆయన నవ్వాడు. అలాగే బస్తాకి చేరబడి కళ్లు మూసుకున్నాడు. రాత్రంతా నిద్రపోలేదు పాపం. ఇది రాస్తుంటే ఇక్కడే పడి నిద్రపోతున్నాడు. గురక షెడ్డంతా మోగుతోంది, గయ్యాళి బెదిరి మళ్లీ దీపం పట్టీ ఎక్కింది. నేను ఆయన్ని లేపడం లేదు.

జోగినాథం గారూ, ఇది కూడా కోళ్ల సంగతే.